ఆటకు తగిన కర్ర

‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెత తెలుగువారి నోట తరచుగా వినిపిస్తుంది. నేర్పు లేనివారు తమ లోపాన్ని పనిముట్టు మీదికి నెట్టివేసే స్వభావాన్ని ఈ సామెత ఎత్తిచూపుతుంది. అయితే ప్రతి సందర్భంలోనూ మద్దెల నిర్దోషి అని చెప్పవచ్చునా? మద్దెల బిగువు సడలి ఉంటే ఎంతటి నర్తకికైనా అడుగు తడబడదా? లోపం ఆడేవారిలో ఉందో, పనిముట్టులో ఉందో తేల్చుకోవడం ఏ విద్యలోనైనా అవసరమే. పనిముట్టు ఖరీదైనదీ, నేర్వవలసిన విద్య కష్టమైనదీ అయినప్పుడు ఆ అవసరం రెట్టింపవుతుంది. అటువంటి విద్యలలో గోల్ఫ్ క్రీడ ఒకటి.

గోల్ఫ్‌లో బంతిని కొట్టే సాధనాన్ని ‘క్లబ్’ అంటారు. ఆటగాళ్లు సభ్యులుగా చేరే సంస్థను కూడా ‘క్లబ్’ అనే పిలుస్తారు. ఈ రెండింటి మధ్య పొరపాటు కలగకుండా ఈ పాఠంలో సాధనాన్ని ‘కర్ర’ అనే పేరుతో వ్యవహరించడం జరిగింది. ఆటగాని శరీర కొలతలనూ, అతడు కర్రను విసిరే తీరునూ పరిశీలించి, వాటికి తగినట్లు కర్రను అమర్చి ఇవ్వడాన్ని ‘ఫిట్టింగ్’ అంటారు. ఆటలో ఇప్పుడిప్పుడే మెరుగుపడుతున్నవారికి ఈ ఫిట్టింగ్ నిజంగా మేలు చేస్తుందా, లేక ధనవ్యయం మాత్రమేనా అన్నది ఈ వ్యాసంలోని విచారణాంశం.

నగరంలో గోల్ఫ్

భారతదేశానికి గోల్ఫ్ కొత్తది కాదు. 1829లోనే కలకత్తాలో గోల్ఫ్ క్లబ్ వెలసింది. అదే నేటి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్. చాలాకాలం ఈ క్రీడ ఆంగ్లేయ అధికారులకూ, సైనికాధికారులకూ, సంస్థానాధీశులకూ పరిమితమై ఉండేది. హైదరాబాదు నగరంలో గోల్కొండ కోటకు అనుబంధమైన నయాఖిలా ప్రాంతంలో ఒక గోల్ఫ్ మైదానం ఉంది. ‘హతియాన్ కా ఝాడ్’ అని పిలిచే బ్రహ్మాండమైన బావోబాబ్ వృక్షం ఆ నయాఖిలాలోనిదే.

1998 నవంబరులో ఆనాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. ఆ తరువాత హైటెక్ సిటీ, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలు సమాచార సాంకేతిక రంగానికి కేంద్రాలై సైబరాబాదుగా ప్రసిద్ధి పొందాయి. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు బండలు ఆ నేల ప్రత్యేకత. గచ్చిబౌలి, మణికొండల పరిసరాలలో ఆ బండల నడుమనే బౌల్డర్ హిల్స్ అనే 18 గుంటల గోల్ఫ్ మైదానం రూపుదిద్దుకొంది. కంప్యూటరు ముందు దినమంతా కూర్చునే ఉద్యోగులలో కొందరు ఉదయపు వేళ ఈ ఆట వైపు ఆకర్షితులయ్యారు. అన్నప్రాశన నాటి నుంచి బ్యాటు పట్టిన దేశంలో, ఉద్యోగంలో చేరిన తరువాత గోల్ఫ్ కర్ర పట్టినవారు వీరు. కాబట్టి నేర్చుకోవడమూ, పరికరాలు కొనుక్కోవడమూ రెండూ ఒకేసారి వీరి ముందుకు వస్తాయి. దేనికి ముందు ఖర్చు చేయాలనే ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

కర్ర నిర్మాణం

గోల్ఫ్ బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. బరువు 45.93 గ్రాములకు మించకూడదు. ఈ చిన్న బంతిని వందల మీటర్ల దూరం నడిపించి, 108 మిల్లీమీటర్ల వ్యాసం గల గుంటలో వీలైనన్ని తక్కువ దెబ్బలలో వేయడమే ఆట. దూరాన్ని బట్టి, నేల తీరును బట్టి కర్రను మార్చుకోవలసి ఉంటుంది. ఒక ఆటగాడు తన సంచిలో 14 కర్రలకు మించి ఉంచుకోకూడదని అమెరికా గోల్ఫ్ సంఘం 1938లో నియమం చేసింది. మరుసటి సంవత్సరం సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్ కూడా ఆ నియమాన్ని స్వీకరించింది. అతి దూరానికి డ్రైవరు, మధ్య దూరాలకు ఐరన్లు, దగ్గర దెబ్బలకు వెడ్జిలు, చివరకు బంతిని గుంటలోకి దొర్లించడానికి పట్టరు వాడతారు.

ప్రతి కర్రలోనూ మూడు భాగాలుంటాయి. చేతితో పట్టుకొనే భాగం గ్రిప్. పొడవైన కాడ వంటి భాగం షాఫ్ట్. బంతికి తగిలే భాగం తల. ఈ మూడింటిలో ఆటగానికి అనుగుణంగా మార్చదగిన అంశాలు ముఖ్యంగా అయిదు.

మొదటిది పొడవు. దీనిని ఎత్తును బట్టి మాత్రమే నిర్ణయించకూడదు. నిటారుగా నిలబడినప్పుడు మణికట్టు నుంచి నేల వరకు ఉండే దూరాన్ని కూడా కొలుస్తారు. పొడగరి అయినా చేతులు పొడవుగా ఉన్నవానికి మామూలు పొడవు గల కర్రే సరిపోవచ్చు.

రెండవది లై. కర్ర తలను నేలకు సమంగా ఆనించినప్పుడు షాఫ్టుకూ నేలకూ మధ్య ఏర్పడే కోణమిది. కర్ర ఆటగానికి మరీ నిటారుగా ఉంటే, బంతిని కొట్టే క్షణంలో తల యొక్క కొన పైకి లేస్తుంది. అప్పుడు కుడిచేతివాటం గలవారి బంతి ఎడమకు పోతుంది. కర్ర మరీ వాలుగా ఉంటే బంతి కుడికి పోతుంది.

మూడవది లాఫ్ట్. తల ముఖతలం ఎంత వెనుకకు వాలి ఉందో ఈ కోణం తెలుపుతుంది. ఇది ఎక్కువైతే బంతి ఎత్తుగా లేచి తక్కువ దూరం పోతుంది. తక్కువైతే సాధారణంగా తక్కువ ఎత్తులో ఎక్కువ దూరం పోతుంది.

నాలుగవది షాఫ్టు బరువు, వంపు గుణం. లేడీస్, సీనియర్, రెగ్యులర్, స్టిఫ్ అనే పేర్లతో షాఫ్టులు లభిస్తాయి. ఈ పేర్లు స్త్రీపురుష భేదాన్నీ వయస్సునూ సూచిస్తున్నట్లు కనిపించినా, నిజానికి నిర్ణయించవలసింది ఆటగాడు కర్రను విసిరే వేగమూ, తీరూ మాత్రమే. పైగా ఈ పేర్లకు తయారీదారులందరికీ ఉమ్మడి ప్రమాణం లేదు. ఒక సంస్థ రెగ్యులర్ అన్నది మరొక సంస్థ స్టిఫ్‌కు దగ్గరగా ఉండవచ్చు.

అయిదవది గ్రిప్ లావు. చేతికి మించిన లావు గ్రిప్ పట్టు కుదరనీయదు. మరీ సన్నని గ్రిప్‌ను ఆటగాడు అనవసరంగా బిగించి పట్టుకోవలసి వస్తుంది.

కొలతల చరిత్ర

ఆటగానికి తగినట్లు కర్ర చేయడం నేటి వింత కాదు. పూర్వం హికరీ అనే చెట్టు కలపతో షాఫ్టులు చేసేవారు. వడ్రంగం తెలిసిన పనివారు ఒక్కొక్క కర్రను చేతితో చెక్కి, కొనేవారి చేతికి నచ్చేటట్లు సరిచేసి ఇచ్చేవారు. కలపలో ఏ రెండు ముక్కలూ ఒక్క తీరుగా ఉండవు. కనుక ఏ రెండు కర్రలూ ఒక్క తీరుగా ఉండేవి కావు. అమెరికాలో 1924లోనూ, బ్రిటన్‌లో 1929లోనూ ఉక్కు షాఫ్టులకు అనుమతి లభించింది. దానితో కర్రలు కర్మాగారాలలో ఒకే కొలతతో వేలసంఖ్యలో తయారు కాసాగాయి. దర్జీ కుట్టిన అంగీ స్థానంలో రెడీమేడ్ అంగీ వచ్చినట్లే ఇదీ జరిగింది. నాణ్యత స్థిరపడింది, కాని కొలత అందరిదీ అయింది. ఆ అందరి కొలతకు మూలం పాశ్చాత్య దేశాల సగటు పురుషుడు.

నార్వేలో జన్మించి అమెరికాలో స్థిరపడిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ అనే ఇంజనీరు ఈ సమస్యను గుర్తించాడు. ఆయన 1959లో పింగ్ అనే పట్టరును రూపొందించి, క్రమంగా ఆ పేరుతోనే ఒక సంస్థను నిర్మించాడు. 1972లో ఆ సంస్థ రంగుల చుక్కల పద్ధతిని ప్రవేశపెట్టింది. ఐరన్ కర్ర తలపై ఉండే చుక్క రంగును బట్టి దాని లై కోణం తెలుస్తుంది. నల్ల చుక్క ప్రామాణిక కోణానికి గుర్తు. ఆటగాని ఎత్తును, మణికట్టు నుంచి నేలకు గల దూరాన్ని కొలిచి తగిన రంగును ఎంచడం సాధ్యమయింది. ఇటీవలి దశాబ్దాలలో రాడారు, కెమెరాల సాయంతో బంతి వేగాన్నీ దిశనూ భ్రమణాన్నీ క్షణాలలో కొలిచే యంత్రాలు వచ్చాయి. డెన్మార్క్‌లో 2003లో స్థాపితమైన ట్రాక్‌మ్యాన్ సంస్థ యంత్రం వాటిలో పేరొందినది. కొలిచే శక్తి ఇంతగా పెరిగిన తరువాత కొలతలన్నీ ప్రతి ఆటగానికీ అవసరమేనా అన్న ప్రశ్న సహజంగానే తలెత్తింది.

రెండు విధాల తప్పులు

ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే ముందుగా తప్పులలోని తేడాను గ్రహించాలి. ఇద్దరు విలుకాండ్రు ఒకే గురికి చెరి ముప్పయి బాణాలు వేశారనుకోవచ్చు. మొదటివాని బాణాలు గురి చుట్టూ నలుదిక్కులా చెదిరి ఉన్నాయి. రెండవవాని బాణాలు అన్నీ ఒకదాని పక్కన ఒకటి గుమిగూడి ఉన్నాయి గాని, ఆ గుంపు గురికి ఎడమవైపున ఉంది. ఇద్దరూ గురి తప్పినవారే. అయినా మొదటివానికి కావలసింది సాధన. రెండవవాని విల్లును ఒకసారి పరీక్షించడం అవసరం. మొదటివాని తప్పును ‘చెదురు తప్పు’ అనీ, రెండవవాని తప్పును ‘ఒకవైపు తప్పు’ అనీ అనవచ్చు.

సైబరాబాదులోని ప్రోగ్రామర్లకు ఈ భేదం సుపరిచితమే. ఒక ప్రోగ్రాము ప్రతిసారీ ఒకే చోట ఒకే తప్పు చేస్తే కారణం కనుగొనడం సులభం. ఒక్కోసారి ఒక్కో విధంగా తప్పితే ఏదో ఒక భాగాన్ని మార్చివేసినంత మాత్రాన ఫలితం ఉండదు. గోల్ఫ్‌లోనూ అంతే. ఫిట్టింగ్ తొలగించగలిగేది ప్రధానంగా ఒకవైపు తప్పును. చెదురు తప్పును తగ్గించేది ప్రధానంగా సాధన, శిక్షణ.

ఈ మాటను ఒక చిన్న లెక్కతో పరీక్షించవచ్చు. సుమారు 34 డిగ్రీల లాఫ్ట్ గల ఏడవ నంబరు ఐరన్‌తో ఒక వ్యక్తి 100 మీటర్ల దూరం కొడుతున్నట్లు భావించాలి. లై కోణంలో ఒక డిగ్రీ తేడా ఉంటే, ముఖతలం సూచించే దిశ సుమారు 0.67 డిగ్రీలు పక్కకు తిరుగుతుంది. అంటే 100 మీటర్ల వద్ద సుమారు 1.2 మీటర్లు. మూడు డిగ్రీల తేడా ఉంటే సుమారు 3.5 మీటర్లు. బంతి భ్రమణం కూడా అదే వైపుకు ఒరుగుతుంది గనుక వాస్తవంలో మరికొంత పెరుగుతుంది. డ్రైవరు విషయం వేరు. దాని లాఫ్ట్ 10 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. అక్కడ మూడు డిగ్రీల లై దోషం వల్ల 200 మీటర్ల దూరంలో కూడా తేడా రెండు మీటర్లకు లోపే. దీనిని బట్టి లై కోణం ఐరన్లకూ వెడ్జిలకూ ముఖ్యమనీ, డ్రైవరుకు అంత ముఖ్యం కాదనీ తెలుస్తుంది.

ఇక ఆటగాని పొరపాటును లెక్కించాలి. బంతిని తాకే క్షణంలో మణికట్టు తడబడి ముఖతలం 5 డిగ్రీలు తిరిగితే, అది చూపే దిశ 100 మీటర్ల వద్ద సుమారు 8.7 మీటర్లు తప్పుతుంది. కొత్తగా నేర్చుకొనేవారి చేతిలో ముఖతలం ఒకసారి కుడికీ, మరొకసారి ఎడమకూ ఇంత తిరగడం వింత కాదు. అంత చెదురు తప్పు నడుమ 3.5 మీటర్ల ఒకవైపు తప్పు కంటికి కనిపించదు. సాధన పెరిగి చెదురు తప్పు మూడు నాలుగు మీటర్లకు తగ్గినప్పుడు ఆ ఒకవైపు తప్పే పెద్ద అడ్డంకిగా నిలుస్తుంది. కాబట్టి ఆటగాడు ఎంత మెరుగుపడితే ఫిట్టింగ్ విలువ అంత పెరుగుతుంది.

దాగి ఉండే దోషం

దీనిని బట్టి కొత్తవారికి ఏ కర్ర అయినా ఒకటే అనుకోవడం కూడా పొరపాటే. మానవ శరీరానికి సర్దుకుపోయే గుణం ఉంది. పాదరక్ష బిగుతైనప్పుడు మనిషి తెలియకుండానే కుంటినట్లు, కర్ర కుదరనప్పుడు ఆటగాడు తెలియకుండానే తన నిలుచునే తీరును మార్చుకొంటాడు. బంతి ఎడమకు పోతూ ఉంటే ముఖతలాన్ని కుడికి తిప్పి కొట్టడం అలవాటు చేసుకొంటాడు. అప్పుడు బంతి సూటిగా పోవచ్చు. కాని రెండు తప్పులు ఒకదానినొకటి కప్పుకొన్నాయే తప్ప తొలగిపోలేదు. కొన్నేళ్ల తరువాత సరైన కర్ర చేతికి వచ్చినా పాత అలవాటు వదలదు. ధనవ్యయం కంటే ఇది పెద్ద నష్టం. ధనాన్ని తిరిగి సంపాదించవచ్చు. శరీరానికి పట్టిన అలవాటును మాన్పడానికి నేర్చుకొన్న కాలానికి మించిన కాలం పట్టవచ్చు.

ఈ నష్టం అందరికీ సమానంగా కలగదు. ప్రామాణిక కొలతకు దగ్గరగా ఉన్న పురుషుడు దుకాణంలోని కర్రతోనే చాలావరకు నెట్టుకు రాగలడు. పొట్టివారు, మిక్కిలి పొడగరులు, ఎదిగే వయస్సు పిల్లలు, పురుషుల కర్రలను వాడే స్త్రీలు ఎక్కువగా నష్టపోతారు. తమకు ఆట రాదని వారు నిరాశ చెందేది కొంతవరకు తమది కాని లోపం వల్లనే.

ఒక ఉదాహరణ

మాదాపూరులోని ఒక కార్యాలయంలో పనిచేసే యువతిని ఊహించుకోవచ్చు. ఆమె ఎత్తు 155 సెంటీమీటర్లు. విదేశానికి వెళ్తున్న సహోద్యోగి ఒకరు తన పాత కర్రలను ఆమెకు ఇచ్చి వెళ్లారు. ఏడాది పాటు వారాంతాలలో సాధన చేసిన తరువాత కూడా ఆట అనుకొన్నంతగా మెరుగుపడలేదు. కొత్త సెట్టు కొనడమే మార్గమని మిత్రులు చెప్పారు. పేరున్న సంస్థల పూర్తి సెట్టు ధర లక్ష రూపాయలు దాటడం సాధారణం. ఆ ధనాన్ని సెట్టుకు వెచ్చిస్తే శిక్షణకు మిగలదు. శిక్షణకు వెచ్చిస్తే సెట్టు లేదు.

ఆమె వెంటనే కొనలేదు. ఏడవ నంబరు ఐరన్‌తో ముప్పయి బంతులు కొట్టి, ప్రతి బంతి పడిన చోటును కాగితంపై గుర్తించింది. మరొక రెండు వారాంతాలలో అదే పరీక్షను మళ్లీ చేసింది. మూడు కాగితాలూ ఒకే సంగతి చెప్పాయి. బంతులు గురికి ఇరువైపులా బాగా చెదిరి ఉన్నాయి. అయితే ఆ చెదురు గుంపు నడిబొడ్డు గురికి నాలుగు మీటర్ల ఎడమన ఉంది. తరువాత బంతిపై సులభంగా చెరిగిపోయే సిరాతో ఒక నిలువు గీత గీసి, ఆ గీత ముఖతలానికి ఎదురుగా ఉండేటట్లు బంతిని అమర్చి కొట్టింది. ముఖతలంపై అచ్చుపడిన గీత నిలువుగా లేదు. ప్రతిసారీ ఒకే వైపుకు వాలి ఉంది. అంటే ఆ కర్ర ఆమెకు మరీ నిటారుగా ఉందన్నమాట.

పరికరాలు సరిచేసే నిపుణుడు ఆమె చేతుల కొలతలు తీసుకొన్నాడు. ఐరన్ల షాఫ్టులను కొంత కత్తిరించి, తలలను యంత్రంపై వంచి లై కోణాన్ని తగ్గించి, ఆమె వేళ్లకు తగిన సన్నని గ్రిప్పులు వేశాడు. షాఫ్టు కత్తిరించినప్పుడు కర్ర కొంత బిగువుగా మారుతుందనీ, తల తేలికగా అనిపిస్తుందనీ ముందే హెచ్చరించాడు. పనికి అయిన ఖర్చు కొత్త సెట్టు ధరలో స్వల్పభాగం. మిగిలిన ధనంతో ఆమె శిక్షణలో చేరింది. తరువాతి పరీక్షలో గుంపు నడిబొడ్డు గురి మీదికి వచ్చింది. బంతులు చెదరడం మాత్రం తగ్గలేదు. అది తగ్గవలసింది శిక్షకుని సమక్షంలో, నెలల తరబడి సాధనలో. ఏ లోపం ఎవరిదో ఆమెకు స్పష్టంగా తెలిసింది. ఆ స్పష్టతే ఫిట్టింగ్ వల్ల కలిగే అసలైన ప్రయోజనం.

జాగ్రత్తలు

ఫిట్టింగ్ చేయించుకొనేవారు కొన్ని విషయాలను గమనించాలి. మొదట తమ పాత కర్రతోనే బంతులు కొట్టి కొలతలు నమోదు చేయించుకోవాలి. పోలికకు ఆధారం లేనిదే మెరుగుదల ఎంతో చెప్పలేము. కర్రలను అమ్మేవారే ఫిట్టింగ్ కూడా చేస్తున్నప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం.

కొత్త కర్రతో బంతి పది మీటర్లు ఎక్కువ పోయిందన్న మాటను లాఫ్ట్ చూడకుండా నమ్మకూడదు. కర్ర అడుగున ఉండే నంబరు లాఫ్టుకు స్థిరమైన కొలత కాదు. 1980ల నాటి ఏడవ నంబరు ఐరన్‌కు సాధారణంగా 35 డిగ్రీల ప్రాంతంలో లాఫ్ట్ ఉండేది. నేటి కర్రలలో అదే నంబరుకు 30 డిగ్రీలు, అంతకంటే తక్కువ కూడా ఉంటున్నది. పాత ఆరవ నంబరు కర్రపై ఏడు అని చెక్కినా బంతి ఎక్కువ దూరమే పోతుంది. దానిని ఫిట్టింగ్ మహిమ అనుకోవడం సరికాదు.

చాపమీద కొట్టిన దెబ్బలను మాత్రమే నమ్ముకోకూడదు. కర్ర బంతికి ముందుగా చాపకు తగిలినా జారి బంతిని చేరుకొంటుంది. పచ్చికపై అదే దెబ్బ మట్టిలో దిగబడుతుంది. ఇక కొత్త వస్తువు చేతికి రాగానే కలిగే ఉత్సాహంతో కొన్ని దెబ్బలు బాగా తగలడం సహజం. అందుచేత ఒకేరోజు నిర్ణయించక, మరొకరోజు మళ్లీ పరీక్షించడం మంచిది.

వీటన్నింటి కంటే ముఖ్యమైనది కాలనిర్ణయం. కర్ర విసిరే తీరు వారం వారం మారుతున్న దశలో సూక్ష్మమైన కొలతలు తీయించడం ఎదిగే పిల్లవానికి పట్టుబట్టలు కుట్టించడం వంటిది. ఆ దశలో పొడవు, బరువు, గ్రిప్ లావు ఇంచుమించు సరిపోతే చాలు. కొట్టే తీరు ఒక దారిలో పడి, తప్పులు ఒకే వైపు కనబడసాగినప్పుడు లై కోణం, షాఫ్ట్ గుణం సరిచూసుకోవాలి. దూరాలు నిలకడగా వచ్చిన తరువాతనే డ్రైవరు భ్రమణం, కర్రల మధ్య దూరాల వ్యత్యాసం వంటి సూక్ష్మ విషయాలకు ధనం వెచ్చించడం సార్థకం.

ఇద్దరు ఆటగాళ్లు

ఈ వాదనకు అభ్యంతరం లేకపోలేదు. భారతీయ గోల్ఫ్‌లో ప్రసిద్ధులైన ఎస్.ఎస్.పి. చౌరాసియా రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో పచ్చికను సంరక్షించే ఉద్యోగి కుమారుడు. ఆ మైదానంలోనే పెరిగి స్వయంకృషితో ఆట నేర్చుకొన్నాడు. దగ్గర దెబ్బలలో అసాధారణ నైపుణ్యం సాధించి 2008లో ఇండియన్ మాస్టర్స్‌నూ, 2016, 2017లలో ఇండియన్ ఓపెన్‌నూ గెలుచుకొన్నాడు. పేదరికంలో పుట్టినవాడు ఇంతటివాడు కాగా కొలతల ప్రసక్తి ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. ఆయన జీవితం సాధన గొప్పతనాన్ని నిస్సంశయంగా చాటుతుంది. అయితే గెలిచినవారి కథలే లోకానికి వినిపిస్తాయి. కుదరని కర్రతో విసిగి ఆట మానుకొన్నవారి కథలు ఎవరూ వ్రాయరు. ఒక్కరి విజయాన్ని చూపి పనిముట్టుతో పనిలేదనడం న్యాయం కాదు.

మరొక ఉదాహరణ తెలుగు కుటుంబానికి చెందినది. హైదరాబాదు నుంచి అమెరికాకు వలస వెళ్లిన దంపతులకు 1997లో జన్మించిన సాహిత్ తీగల కాలిఫోర్నియాలో పెరిగాడు. వెన్నెముక పక్కకు వంగి ఉండే స్కోలియోసిస్ అనే స్థితి అతనికి ఉంది. అతడు కర్ర విసిరే తీరు పుస్తకాలలోని బొమ్మలను పోలి ఉండదు. అయినా 2023 సెప్టెంబరులో నాపా నగరంలో జరిగిన ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌ను గెలుచుకొని పీజీఏ టూర్‌లో తొలి విజయం సాధించాడు. ఏ రెండు శరీరాలూ ఒకటి కావనీ, శరీరాన్ని అచ్చులో పోయడం కంటే దాని తీరును గౌరవించి ఆటను నిర్మించుకోవడమే మేలనీ అతని ఆట బోధిస్తుంది.

ముగింపు

పై విచారణ వల్ల తేలే సారాంశమిది. ఫిట్టింగ్ నేర్పును ఇవ్వదు. నేర్పుకు అడ్డుగా ఉన్న కొలత దోషాన్ని తొలగిస్తుంది. మెరుగుపడుతున్న ఆటగానికి అది ప్రయోజనకరమే. కాని దాని అర్థం కొత్త సెట్టు కొనడం కాదు. ఉన్న కర్రను ముందుగా పరీక్షించుకోవడం, స్వల్ప ఖర్చుతో సరిచేయదగినదానిని సరిచేయించుకోవడం, మిగిలిన ధనాన్నీ కాలాన్నీ సాధనకు వినియోగించడం వివేకం.

గోల్ఫ్ కర్రను ఎన్నడూ పట్టనివారికి కూడా ఈ వివేకం వర్తిస్తుంది. నల్లబల్లపై అక్షరాలు కనబడని విద్యార్థిని మందబుద్ధి అని నిందించే ముందు కన్ను పరీక్ష చేయించాలి. కన్ను బాగున్నదని తేలిన తరువాత కూడా చదవకపోతే అప్పుడు శ్రద్ధ గురించి మాట్లాడవచ్చు. మద్దెలను నిందించే ముందు ఆటను పరీక్షించుకోవాలి. ఆటను నిందించే ముందు మద్దెలనూ ఒకసారి వాయించి చూడాలి. ఈ రెండు పరీక్షలూ నిజాయితీగా చేసినవారికి తమ శ్రమను ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.